మూడోసారి బిగించమన్నప్పుడు

ముందే చెప్పేస్తున్నాను. నేను రాయబోయేదాంట్లో పిల్ల బతకదు. చివరిదాకా ఆశపెట్టి అప్పుడు ఏడిపించడం నాకు చేతకాదు. అంత నేర్పే ఉంటే నలభై ఏళ్ళు జాకెట్లు కుట్టి బతకాల్సిన పని లేదు.

ఇది మిషను ముందు కూర్చునే ఆడపిల్లల కోసం రాస్తున్నాను. మీలో చాలామంది నాకంటే బాగా చదువుకున్నవాళ్ళే. ఫోనులో మెడ డిజైను చూసి అలాగే దించేస్తున్నారు. నేను అక్షరాలు దిద్దింది నలభై రెండో ఏట, మా చర్చి వరండాలో, పాస్టరమ్మగారి దగ్గర. నా పక్కన కూర్చుని దిద్దినవాళ్ళంతా సండేస్కూలు పిల్లలు. నాకు ‘అ’ సరిగ్గా రాలేదని ఒక ఆరేళ్ళ పిల్ల నా పలక లాక్కుని, తుడిచి, మళ్ళీ రాసిచ్చింది. కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. ఆల్టరేషన్ అనుకోండి.

మా ఊరు బోగోలు మండలంలో, సముద్రం హోరు వినబడేంత దూరంలో ఉంటుంది. నా కొట్టు చర్చికీ రొయ్యల షెడ్డుకూ మధ్యలో. ఆదివారం చర్చికి పోయేవాళ్ళూ, మిగతా ఆరు రోజులూ షెడ్డుకు పోయేవాళ్ళూ నా గుమ్మం ముందు నుంచే నడవాలి. ఎవరి భుజం ఏ పక్కకు వాలిందో, ఎవరికి నడుము పెరిగిందో, ఎవరికి నెల తప్పిందో వాళ్ళ అత్తగారి కంటే ముందు నాకు తెలిసేది. అదొక గొప్ప అనుకునేదాన్ని.

చదువు రాకముందు కొలతలు ఎలా దాచుకునేదాన్నో చెప్పాలి. నా మొదటి తప్పు అక్కడే ఉంది. ఒక్కో మనిషికి ఒక్కో గుడ్డ పేలిక. ఆ మనిషికి కుట్టిన జాకెట్టు ముక్కలోంచే చింపేదాన్ని, రంగు చూడగానే మనిషి గుర్తు రావాలని. పేలికను ఒంటికి చుట్టి, ఛాతీకి ఒక గాటు, నడుముకు రెండు గాట్లు, చేతికి మూడు గాట్లు కత్తెరతో పెట్టేదాన్ని. మనిషి ఒళ్ళు మారితే పాత గాటు పక్కనే కొత్త గాటు. పాతది ఎక్కడికీ పోదు. కత్తెర పెట్టిన గాటును ఎవరూ చెరపలేరు. గోడ మేకుకు వేలాడే ఆ పేలిక చూస్తే, ఆ మనిషి ఎప్పుడు పుష్టిగా ఉందో, ఏ కాన్పు తర్వాత చిక్కిపోయిందో వేళ్ళతో తడిమి చెప్పేదాన్ని.

చదువొచ్చాక ఆ పేలికలన్నీ పొయ్యిలో పెట్టాను. నోటుబుక్కు కొన్నాను. పెన్సిలు, రబ్బరు. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, పేరు, పేరు కింద అంకెలు. కొలత మారితే పాత అంకె తుడిచేసి కొత్తది రాసేదాన్ని. కొట్టివేతలుంటే చదువురాని మనిషి పుస్తకంలా కనబడుతుందని సిగ్గు. నా పుస్తకంలో ఒక్క కొట్టివేత ఉండేది కాదు. పాస్టరమ్మగారు అది నలుగురికీ చూపించి మెచ్చుకున్నారు కూడా. అక్షరం వచ్చింది, చూపు పోయింది. ఆ సంగతి నాకు చాలా తర్వాత తెలిసింది.

ఇక ఆ పిల్ల సంగతి.

మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. తల్లి షెడ్డులో రొయ్యల తలలు తీసే పని చేసేది. తండ్రికి ముత్తుకూరు వైపు పోర్టులో పని, శనివారం వచ్చి సోమవారం పోయేవాడు. ఒక్కతే కూతురు. కావలిలో ఇంటర్ చదివేది, చర్చిలో క్వయర్‌లో పాడేది. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. పుట్టిన తర్వాత ఆ పిల్ల తొడిగిన మొదటి గౌను నేను కుట్టిందే. సాయంత్రాలు నా కొట్టులో స్టూలు మీద కూర్చుని, నా నోటుబుక్కులో పేర్ల తప్పులు దిద్దేది.

“పెద్దమ్మా, ఈమె పేరు సుగుణమ్మా, సుగనమ్మా?”

“ఏదైనా ఆమే వస్తాదిలే. జాకెట్టు తీసుకునేదానికి పేరు తప్పని తిరిగిపోతాదా?” అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఈస్టరుకు ముందు నలభై శ్రమల దినాల్లో మావాళ్ళలో చాలామంది ఉపవాస ప్రార్థన చేస్తారు. కొందరు ఒక పూట మానేస్తారు, కొందరు మాంసం మానేస్తారు, నాలాంటి వాళ్ళు మానేశామని చెప్పి టీలో బిస్కెట్టు ముంచుకుంటారు. ఆ సంవత్సరం ఆ పిల్ల గట్టిగా పట్టింది. పాస్టరుగారు ప్రసంగ వేదిక మీద నుంచి, “పదహారేళ్ళ బిడ్డను చూసి పెద్దవాళ్ళు నేర్చుకోవాలి” అన్నారు. తల్లి మొహం వెలిగిపోయింది. అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

ఈస్టరు రోజు చర్చి ఆవరణలో బిరియాని పెట్టారు. ఆ పిల్ల గరిట పట్టుకుని వరస వరసకీ వడ్డిస్తూ తిరిగింది. వడ్డించే మనిషి తిన్నదో లేదో ఎవరు చూస్తారు? ఉపవాసం అందరికీ ఆ రోజుతో అయిపోయింది. ఆ పిల్లకు అవలేదు. ఆ తర్వాత శుక్రవారాల ఉపవాసం అంది. నాన్న ఆరోగ్యం కోసం అంది. పరీక్షల కోసం అంది. ప్రార్థన అనే మాట ముందు తల్లి నోరు లేవలేదు. తినమంటే దేవుడికి అడ్డుపడినట్టు అవుతుందేమోనని భయం. మిగతా రోజుల్లో కాలేజీలో తిన్నాననేది.

కాలేజీ తెరిచే ముందు యూనిఫాం టాపు తెచ్చింది, లూజుగా ఉంది బిగించమని. బిగించాను. “నడుమొచ్చిందిమే నీకు! ఇప్పుడు చూడు నా ఫిట్టింగు” అని అద్దం ముందు తిప్పి తిప్పి చూపించాను. జూలైలో మళ్ళీ తెచ్చింది. మా వైపు జూలైలో కూడా నిప్పులు కురుస్తాయి. టేపు చుట్టేటప్పుడు ఆ పిల్ల చేయి తగిలితే, అప్పుడే బావిలోంచి తోడిన చెంబులా చల్లగా ఉంది. ముంజేతి మీద పసిబిడ్డకు ఉండే నూగు మొలిచింది. చూశాను. నాకు కనబడలేదని చెప్పను.

“ఏందిమే, ఇట్టా పుల్లయిపోయినావు?” అన్నాను.

“పరీక్షలు పెద్దమ్మా.”

“పరీక్షలు రాసేది చెయ్యి గదా, నడుమెందుకు అరిగిపోయింది?”

నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వించి తప్పించుకోవడం ఆ పిల్లకు వచ్చు. నవ్వేసి వదిలెయ్యడం నాకు వచ్చు. నోటుబుక్కు తీసి పాత అంకె తుడవబోతుంటే, “ఇటియ్యి పెద్దమ్మా, నేను తుడుస్తా” అని రబ్బరు తీసుకుంది. ఎంత శ్రద్ధగా తుడిచిందంటే, కాగితం మీద గీత కూడా మిగల్లేదు. తుడిచి, ఊది, చేత్తో నిమిరి చూసుకుంది. ఆ మొహంలో ఉన్న సంతోషాన్ని చదువు మీద ఇష్టం అనుకున్నాను.

మూడోసారి వినాయక చవితి సెలవుల్లో. బిగించడమే కాకుండా చేతులు మణికట్టు దాకా, మెడ పైదాకా కావాలంది. చర్చిలో ఆడవాళ్ళంతా పిల్ల ఎంత పద్ధతిగా ఉందో అన్నారు. ఎముకలు కప్పుకోవడానికి అడిగిందని తెలియాల్సింది ఒక్క నాకు. ఆ మెడ ఎముక మీద టేపు పెట్టింది నేను. ఏం చేశాను? కాలరు బాగా కుదిరిందని మురిసిపోయాను.

ఆ తర్వాత ఒక ఆదివారం పాట మధ్యలో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు మొదలైంది తిరుగుడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అన్నాడు, సెలైను పెట్టాడు. ఎవరో పచ్చకామెర్లు అన్నారు, పసరు పోయించారు. ఎవరో గాలి సోకిందన్నారు. ఇంకెవరో ప్రేమ వ్యవహారం అన్నారు, అది అనడానికి మా వీధిలో పెద్ద చదువు అక్కర్లేదు. నూనె రాసి ప్రార్థన చేశారు. నేనూ మోకాళ్ళ మీద ఉన్నాను. తల్లి ఒకరోజు ఓర్చుకోలేక గరిటెతో కొట్టి, తర్వాత ఆ గరిటెతోనే తల బాదుకుంది. కావలిలో ఒక లేడీ డాక్టరు మాత్రం నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగింది. తల్లికి తెలియదు. అప్పుడా డాక్టరు ఒక చీటీ రాసి, నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల విభాగానికి వెంటనే పొమ్మంది.

“నా బిడ్డేమన్నా పిచ్చిదా అక్కా?” అని తల్లి నా కొట్టులో కూర్చుని ఏడ్చింది. “రేపు ఎవరికన్నా తెలిస్తే?”

నేను ఏమన్నానో కూడా రాయాలి. “అన్నిటికీ ఆస్పత్రులెందుకులే, నాలుగు రోజులు కడుపునిండా చేపల పులుసు పెట్టు” అన్నాను. ఆమె చీటీని బైబిల్లో పెట్టింది. రోజూ తెరిచే పుస్తకంలో రోజూ కనబడే చీటీ. అలా రెండు నెలలు పోయాయి.

డిసెంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నా కొట్టు మెట్టు ఎక్కలేకపోయింది. ఒక్క మెట్టు. అప్పుడు నేను మిషను వదిలి వాళ్ళింటికి పోయి, “ఆ చీటీ ఇట్టియ్యి” అన్నాను. మర్నాడు బిట్రగుంటలో రైలెక్కి ముగ్గురం నెల్లూరు పోయాం. నా నోటుబుక్కు వెంట తీసుకెళ్ళాను. ఎందుకో నాకే తెలియదు. బహుశా డాక్టరమ్మ ముందు చదువుకున్నదానిలా కనబడాలనేమో.

డాక్టరమ్మ చిన్న వయసుది. తొందర లేని మనిషి. “ఎప్పటి నుంచి తగ్గుతోంది? ఎంత తగ్గింది?” అని అడిగింది.

“మొదటి నించీ సన్నమే మేడమ్” అంది తల్లి.

“నేను బాగానే ఉన్నాను” అంది పిల్ల.

నేను నోటుబుక్కు తీశాను. ఆ పిల్ల పేజీలో ఒకే ఒక్క వరస అంకెలు, ముత్యాల్లా.

“ఇవి ఇప్పటివి. మరి పాతవి?”

“తుడిచేసినాను మేడమ్.”

నాకు పొయ్యిలో కాలిపోయిన పేలికలు గుర్తొచ్చాయి. అప్పుడు తట్టింది. ఆ పిల్ల ఒంటి మీద ఉన్నది యూనిఫాం టాపే. పిల్లల బట్టలకు పక్క కుట్టు లోపల గుడ్డ వదులుతాం కదా, పెరుగుతారని. ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, టాపు అంచు తిరగేసి డాక్టరమ్మకు చూపించాను. విప్పిన కుట్టు మళ్ళీ వేస్తే పాత సూది చిల్లులు అలాగే ఉంటాయి. “ఇదిగోండి, ఇది కుట్టిన రోజుది. ఇది జూన్‌ది. ఇది జూలైది. ఇది చవితిది.” నాలుగు వరసలు. లోపల వదిలిన గుడ్డ కంటే బయట ఉన్న గుడ్డ తక్కువైపోయింది. డాక్టరమ్మ ఆ చిల్లులను వేలితో తడిమి చూసింది. తల్లి చూసి నోట్లో కొంగు కుక్కుకుంది. పిల్ల నా వంక చూసింది. తన రహస్యం నేను అమ్మేసినట్టు చూసింది.

ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. ఇది ఆకలి చచ్చిపోయే జబ్బు కాదు. ఆకలి ఉంటుంది, తింటే ఏదో ఘోరం జరిగిపోతుందన్న భయం ఆకలి కంటే పెద్దదైపోతుంది. అద్దంలో మనకు కనబడే పిల్ల ఆ పిల్లకు కనబడదు. “ఇది పొగరు కాదు, భక్తి కాదు, మీరనుకునే పిచ్చీ కాదు. జబ్బు. మందలిస్తే పోదు. వైద్యం ఉంది, బాగయ్యేవాళ్ళు ఉన్నారు, కానీ తొందరగా రావాలి” అంది. ఉపవాసం వల్లే వచ్చిందా అని అడిగాను. దేని వల్ల వస్తుందో ఒక్క ముక్కలో చెప్పలేమనీ, ఉపవాసం దానికి దాక్కునే చోటు మాత్రం ఇచ్చి ఉంటుందనీ అంది.

గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందనీ, రక్తంలో లవణాలు పడిపోయాయనీ ఆ పూటే చేర్చుకున్నారు. తల్లి పక్కనే ఉండి గబగబా తినిపిస్తానంటే వద్దన్నారు. అన్నాళ్ళు మాడిన ఒంటికి ఒక్కసారిగా పెడితే ప్రాణానికే ముప్పట. నా చేపల పులుసు సలహా గుర్తొచ్చింది. కొంచెం కొంచెంగా, రక్తం చూసుకుంటూ పెట్టారు. క్రిస్మస్ అక్కడే గడిచింది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. ప్రతి పూటా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. వారం వారం రావాలి. నెలలు పడుతుంది, ఏళ్ళూ పట్టొచ్చు. “ఇంకొకటి. ఆ అమ్మాయి ఒళ్ళు గురించి ఎవరూ ఒక్క మాట అనొద్దు. సన్నగా ఉన్నావనొద్దు, లావయ్యావనొద్దు, బాగయ్యావని కూడా అనొద్దు. అంకెలు అసలే వద్దు.” నేను అందరికంటే గట్టిగా తలూపాను. ఆమేన్ అన్నట్టే.

ఇక్కడ నేను ఒక్క కొలతా రాయలేదు, చూశారా. ఆవిడ చెప్పబట్టే. రాస్తే ఎక్కడో ఒక పిల్ల ఆ అంకెను పట్టుకుంటుంది.

తల్లి షెడ్డు పని మానేసింది. ఒక ఇడ్లీకి గంట. కొన్ని రోజులు పళ్ళెం గోడకు తగిలిన చప్పుడు మా ఇంటిదాకా వినబడేది. “నన్ను చంపతుండావమ్మా!” అని పిల్ల అరిస్తే, “చంపేది నేను గాదు బిడ్డా, చంపేదాన్ని తరిమే పనిలో ఉండా” అని తల్లి. పాస్టరుగారు డాక్టరమ్మ మాటలు నేను చెబితే విని, మళ్ళీ శ్రమల దినాలు వచ్చినప్పుడు తానే వాళ్ళింటికి పోయి, “నీకు ఉపవాసం లేదు తల్లీ. తినడమే నీ ప్రార్థన” అన్నారు. తప్పు ఒప్పుకునే మగవాళ్ళు అరుదు. ఆయన ఒప్పుకున్నారు.

మెల్లగా చేయి వెచ్చబడింది. మళ్ళీ నా స్టూలు మీద కూర్చోవడం మొదలుపెట్టింది. ఒకరోజు తానే చెప్పింది.

“పెద్దమ్మా, నా లోపల ఇంకో టైలరు కూర్చోనుండాది. నీకంటే మొండిది. ఎంత బిగించినా ఇంకా లూజే అంటాది.”

“దాని మిషను విరగ్గొట్టు” అన్నాను.

“విరగ్గొడతా ఉండా పెద్దమ్మా. అది మళ్ళీ బిగించుకుంటాది.” నవ్వుతూనే అంది. కానీ అలిసిపోయిన నవ్వు.

ఈస్టరుకు గౌను కుట్టమని తల్లి తెల్ల గుడ్డ తెచ్చింది, చిన్న చిన్న నీలం పువ్వులది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి కొలతకు ఇంకొంచెం కలిపి కుట్టాను. పండగకు నాలుగు రోజుల ముందు తొడిగి చూసుకోవడానికి వచ్చింది. పట్టలేదు! పక్కలు బిగిశాయి. నాకు ఎంత సంతోషం వేసిందంటే, చెప్పలేను. కుట్టు విప్పాను, లోపలి గుడ్డ వదిలాను, మోకాళ్ళ మీద కూర్చుని పిన్నులు పెడుతూ, నోటినిండా అనేశాను:

“ఒళ్ళు చేసినావుమే! బుగ్గలొచ్చినాయి. ఇప్పుడు గదా ఆడపిల్లలా ఉండావు.”

మా కాలంలో అంతకంటే మంచి మాట లేదు. కాన్పు లేచిన కూతుర్ని అదే మాట అంటాం. జ్వరం తగ్గిన మొగుడ్నీ అదే అంటాం. పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న మాట, డాక్టరమ్మ చెప్పిన మాట కంటే ముందు బయటికొచ్చింది.

ఆ పిల్ల అద్దంలోకి చూస్తూ, మామూలు గొంతుతోనే అడిగింది.

“ఎంత వదిలినావు పెద్దమ్మా?”

చెప్పాను. అంకె చెప్పాను. వేళ్ళు పెట్టి మరీ చూపించాను.

“సరే పెద్దమ్మా” అంది. అంతే. కోపం రాలేదు, ఏడవలేదు. గౌను విప్పి, మడతకు మడత కలిపి, స్టూలు మీద పెట్టి వెళ్ళింది. నా నోట్లో ఇంకా పిన్నులున్నాయి. అవి తీసి పెట్టెలో వేసేటప్పుడు గానీ ఏమన్నానో నాకు తట్టలేదు.

వెంటనే వెళ్ళి తల్లికి చెప్పి ఉండాలి. సిగ్గేసింది. ఏమీ కాదులే అనుకున్నాను. గౌను పూర్తిచేసి ఇంటికి పంపాను గానీ, ఈస్టరుకు ఆ పిల్ల పాత చుడీదారే వేసుకొచ్చింది.

మళ్ళీ పళ్ళెం చప్పుళ్ళు. తర్వాత ఆ చప్పుళ్ళు కూడా ఆగిపోయాయి. అది ఇంకా చెడ్డ గుర్తు. “బాగయింది గదా, ఇంకా ఎన్నాళ్ళీ తిరుగుళ్ళు?” అని తండ్రి అన్నాడు. ఆయనా అలిసిపోయాడు. ఒక వారం నెల్లూరు పోలేదు, ఇంకో వారం పోలేదు. పోయినప్పుడు డాక్టరమ్మ వెంటనే చేర్చమంది. పిల్ల కాళ్ళు పట్టుకుంది, అమ్మా ఇంకొక్క వారం, నేనే తింటా అని. ఆ వారం ఇచ్చారు. నేనైనా ఇచ్చేదాన్నే.

ఆ వారంలోనే ఒక పొద్దున, కాలేజీకి పోతానని జడలు వేసుకుంటూ కూర్చున్న చోటే వాలిపోయింది. గుండె ఆగింది. ఒక జడ వేసింది, రెండోది వేయలేదు.

తల్లి ఆ తెల్ల గౌను పట్టుకుని నా కొట్టుకు వచ్చింది. కొలత చూసుకోవడానికి తప్ప ఒకసారి కూడా తొడగని గౌను. ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా లేవు.

“అక్కా, ఇది లూజవుతాది. కొంచెం బిగించియ్యి.”

మిషను ముందు కూర్చున్నాను. దారం ఎక్కించాను. కాలు పెడలు మీద పెట్టాను. తొక్కలేకపోయాను.

“నేను బిగించను” అన్నాను. “లూజుగానే వెయ్యి.”

ఆ పిల్ల విషయంలో ఆ మాట అనడం నాకు అదే మొదటిసారి.

మూడో రోజు ప్రార్థన అయ్యాక తల్లి పక్కన కూర్చుని, ఆ రోజు ఏమన్నానో చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“నువ్వొక్కదానివే అన్నావా అక్కా” అంది. “షెడ్డులో వాళ్ళందరూ అన్నారు. వాళ్ళ నాయన అన్నాడు. నేనూ అన్నాను. రోజూ అన్నాను.”

తర్వాత కంటి ఆపరేషనుకు నెల్లూరు పోయినప్పుడు డాక్టరమ్మను వెతుక్కుంటూ వెళ్ళాను. “ఒక్క మాట వల్ల పోదు పెద్దమ్మా. ఆ జబ్బు ఏ మాటనైనా వాడుకుంటుంది. మాట లేకపోతే ఇంకొకటి వెతుక్కుంటుంది” అంది. చదువుకున్న మనిషి, నిజమే చెప్పి ఉంటుంది. కానీ వాడుకోవడానికి చేతికిచ్చింది నేను.

కళ్ళు బాగయ్యాయి గానీ నేను మళ్ళీ మిషనెక్కలేదు. కొట్టు ఇప్పుడు నా కోడలు నడుపుతోంది. దానికి నేర్పింది ఒకటే. అంకెను తుడవొద్దు, పక్కన రాయి. పెరిగే వయసు పిల్ల ఒంటికి తక్కువ రోజుల్లో మూడోసారి బిగించమంటే కత్తెర పక్కన పెట్టు. చేయి పట్టుకుని చల్లగా ఉందేమో చూడు. పొగడొద్దు, వెక్కిరించొద్దు, అంకె చెప్పొద్దు. తల్లిని విడిగా పిలిచి, పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పు. ఏ విభాగమో సిగ్గుపడకుండా పేరు పెట్టి చెప్పు.

పోయిన వేసవిలో కోడలు ఒక టాపు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. “అత్తా, ఇది మూడోసారి.” నాకు చూడక్కర్లేదు. తిరగేసి వేలితో తడిమాను. వరసలున్నాయి. కర్ర పట్టుకుని వాళ్ళింటికి నేనే పోయాను. ఆ తల్లికి అంతా చెప్పాను. గుండె ఆగిపోతుందని కూడా చెప్పాను. మెత్తగా చెప్పడం నాకు రాదు.

“పిల్ల డైటింగ్ చేస్తుండాది, మంచిదే గదా. శుభమా అని కుట్టుకిస్తే ఈ చావు మాటలేంది?” అందామె. “కుట్టలేమంటే కుట్టలేమని చెప్పండి. బజార్లో ఇంకా ఆరు మిషన్లుండాయి.”

ఆమె వెనక తలుపు పక్కన ఆ పిల్ల నిలబడి ఉంది. మే నెల. చేతులు మణికట్టు దాకా, మెడ పైదాకా. నా వంక చూసింది. ఆ చూపు నేను ఇంతకుముందు చూసిందే.

టాపు వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ రెండుసార్లు పోయాను. రెండోసారి తలుపు తీయలేదు.

పది రోజుల తర్వాత ఆ పిల్ల అదే టాపు వేసుకుని మా కొట్టు ముందు నుంచి నడిచిపోయింది. పక్క కుట్టు ఎక్కడా ముడత లేకుండా ఒంటికి అతికినట్టుంది. నలభై ఏళ్ళు ఈ పని చేసినదాన్ని, నాకు తెలియదా. మంచి చేయి. మీలో ఎవరు కుట్టారో నాకు తెలియదు. ఈసారి ఆ పిల్ల వస్తే ఆ అంచు ఒకసారి తిరగేసి చూడండి.